గాలి నిలిచింది సరే, రేకెంత మిగిలింది?

సెకండ్ హ్యాండ్ ఎయిర్ కంప్రెసర్ చూడటానికి వెళ్లినవాళ్లు ఏం చేస్తారో ఎప్పుడైనా గమనించండి. ముందు స్విచ్ వేయించి మోటారు చప్పుడు వింటారు, బెల్టు నొక్కి చూస్తారు, హెడ్ దగ్గర చెయ్యి పెట్టి ఎంత కాలుతోందో చూస్తారు, గేజ్‌లో ముల్లు పైదాకా ఎక్కడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో ఫోన్‌లో టైము చూసుకుంటారు. ట్యాంకు దగ్గరికి వచ్చేసరికి మాత్రం అరచేత్తో రెండు దెబ్బలు వేసి "బానే గట్టిగా ఉంది" అని లేచి బేరంలోకి దిగిపోతారు. మొదటి కంప్రెసర్ నేనూ అలాగే కొన్నాను. ఎనిమిది నెలలు ఏ పేచీ లేకుండా పనిచేసింది. ఒక రాత్రి మోటారు ఆపాక, చుట్టూ చప్పుడు సద్దుమణిగాక, ట్యాంకు కింద నుంచి సన్నగా 'స్‌స్‌స్' అని వినపడింది. గాలంతా వదిలేసి, పక్కకి దొర్లించి చూస్తే అడుగున బొటనవేలి గోరంత పెయింటు పొక్కు. గోటితో గీకితే ఊడి వచ్చింది, దాని కింద ఉన్నది రేకు కాదు, పొరలు పొరలుగా తుప్పు. స్క్రూడ్రైవర్ మొన ఆనించి కొంచెం నొక్కాను, పెద్దగా బలం కూడా పెట్టలేదు, లోపలికి దిగిపోయింది. ముందురోజు సాయంత్రం ఆ ట్యాంకు పక్కనే స్టూలు వేసుకుని, దాని మీద మోచెయ్యి ఆనించి అరగంట ఫోన్ మాట్లాడాను.

మోటారు కాలిపోతే వైండింగ్ చేయిస్తాం. పిస్టన్ రింగులు అరిగితే మారుస్తాం. వాల్వ్ ప్లేట్లు, బెల్టు, ప్రెషర్ స్విచ్, అన్నీ విడిగా దొరికేవే. మొత్తం మెషీన్‌లో మనం బాగుచేసుకోలేనిది ట్యాంకు ఒక్కటే, తేడా వస్తే మనిషిని ఆసుపత్రి పాలు చేసేది కూడా ప్రధానంగా అదే. అంటే మనం చూసే వరసే తలకిందులుగా ఉంది. పైగా "ప్రెషర్ నిలుస్తోంది కదా, ఇంకేం కావాలి" అనే మాట ఒకటి ప్రతి బేరంలోనూ వినపడుతుంది. గాలి నిలవడం అంటే ఇవాళ్టికి చిల్లు పడలేదని మాత్రమే అర్థం. నిండుగా మూడు మిల్లీమీటర్లున్న రేకూ గాలిని ఆపుతుంది, అక్కడక్కడా అర మిల్లీమీటరే మిగిలిన రేకూ ఆపుతుంది, గేజ్ ముల్లుకి ఆ రెండింటికీ తేడా తెలీదు.

ఇంత టెన్షన్ ఎందుకంటే, గాలి నొక్కిన స్ప్రింగు లాంటిది. 200 లీటర్ల ట్యాంకులో 10 బార్ల దగ్గర (పీఎస్ఐల్లో చెప్పాలంటే 145) దాగి ఉన్న శక్తిని లెక్కేస్తే మూడు లక్షల జౌళ్ల పైనే వస్తుంది. టన్ను బరువున్న కారును పది అంతస్తుల మేడ మీదికి ఎత్తి వదిలితే కింద తగిలే దెబ్బ ఎంతో, దాదాపు అంత. గాలి నెమ్మదిగా వాల్వ్ గుండా బయటికొస్తే అది మనకి పని చేసిపెడుతుంది. రేకు చీలి ఒక్కసారిగా బయటికొస్తే ఆ చీలిన రేకునీ, పైనున్న మోటారునీ, దగ్గర్లో ఉన్న మనిషినీ విసిరేస్తుంది.

మరి ట్యాంకు ఎందుకు పాడవుతుంది? చాలామంది పైనున్న తుప్పు చూసి భయపడతారు, అసలు శత్రువు లోపల ఉంటుంది. మనం పీల్చే గాలిలో ఎప్పుడూ కొంత నీటి ఆవిరి ఉంటుంది. 30 డిగ్రీల ఎండ, 80 శాతం తేమ ఉన్న రోజు ఒక ఘనపు మీటరు గాలిలో సుమారు 24 గ్రాముల నీరు ఉంటుంది. ఆ గాలిని పదకొండు వంతుల్లో ఒక వంతుకి కుదించి, మళ్లీ చల్లారనిస్తే అంత ఆవిరిని అది మోయలేదు, మిగిలింది నీళ్లై గోడల మీద చెమ్మగా పట్టి అడుక్కి జారుతుంది. పైన చెప్పిన 200 లీటర్ల ట్యాంకుని ఖాళీ నుంచి ఒక్కసారి నింపితేనే 45 మిల్లీలీటర్ల పైచిలుకు నీళ్లు. రోజుకి పదిసార్లు ట్యాంకు ఖాళీ అయి నిండే షెడ్డులో వారం రోజులు డ్రెయిన్ (ట్యాంకు అడుగున నీళ్లు వదిలే వాల్వ్) తిప్పకపోతే లోపల మూడు లీటర్ల పైనే చేరతాయి. దానికి తోడు ఆక్సిజన్ కూడా అదే వంతున ఒత్తుకుని ఉంటుంది కాబట్టి తుప్పుకి అంతకన్నా అనువైన చోటు ఉండదు.

రోజూ వాడుతూ రోజూ నీళ్లు వదిలిన పదిహేనేళ్ల ట్యాంకు, నాలుగు నెలలు వాడి అడుగున నీళ్లు వదలకుండా మూల పడేసిన ఐదేళ్ల ట్యాంకు, రెండూ పక్కపక్కన పెడితే నేను మొదటిదాన్నే ఎక్కువ నమ్ముతాను. "పెద్దగా వాడలేదండీ, కొత్తదానికిందే లెక్క" అనే మాట మోటారుకి ప్లస్ పాయింటు, ట్యాంకుకి మాత్రం అనుమానించాల్సిన మాట.

ఇక్కడ ఒక వాదన తరచూ వస్తుంది. "తుప్పు పడితే సన్నగా చిల్లు పడి గాలి కారిపోతుంది, అంతేగానీ పేలదు" అని. ఇది సగం నిజం. నా ట్యాంకు అలాగే చిల్లు పడి ఆగింది కాబట్టి నేనిలా కూర్చుని రాస్తున్నాను. తుప్పు ఒకచోట సూదిమొనలా లోతుగా తిని, చుట్టూ రేకు మందంగానే ఉంటే ఆ చిల్లు అక్కడితో ఆగుతుంది. కానీ అడుగున నీళ్లు నిలిచే చోట ఒక పట్టీలాగా, పొడవునా రేకు పలచబడిపోతే, చిల్లు పడ్డ అంచులకి పట్టుకోవడానికి ఆసరా ఉండదు, చీలిక అలా పొడవునా పరిగెడుతుంది. పొడవునే ఎందుకు అంటే దానికో లెక్క ఉంది. గొట్టం ఆకారంలో ఉన్న ట్యాంకులో రేకుని చుట్టుకొలత వెంట లాగే ఒత్తిడి, పొడవు వెంట లాగే ఒత్తిడికి రెండింతలు ఉంటుంది. చుట్టూ లాగే ఒత్తిడి ఎంతంటే, ప్రెషర్‌ని వ్యాసంతో గుణించి రెండు మందాలతో భాగించాలి. 400 మిల్లీమీటర్ల వ్యాసం, 10 బార్లు, 3 మిల్లీమీటర్ల రేకు అయితే 67 మెగాపాస్కల్స్ వస్తుంది. మామూలు మైల్డ్ స్టీలు సాగిపోవడం మొదలయ్యేది 250 దగ్గర కాబట్టి చాలా నిబ్బరంగా ఉన్నట్టు. అదే రేకు తుప్పు తిని 1.5 అయితే 133. ఒక మిల్లీమీటరు అయితే 200. బయటికి మాత్రం అదే ట్యాంకు, అదే రంగు, గేజ్‌లో అదే 10.

ఇక చూడ్డం మొదలెడదాం. నేనయితే మోటారు స్విచ్ వేయనివ్వను. వెళ్లేముందే ఫోన్‌లో చెప్తాను, "నేనొచ్చేదాకా గాలి నింపకండి, నీళ్లు కూడా వదలకండి, ఎలా ఉన్నదాన్ని అలా ఉంచండి" అని.

ముందు నేమ్ ప్లేటు. ట్యాంకు మీద ఉండేది, మోటారు మీదది కాదు. చాలామంది మోటారు ప్లేటు ఫోటో తీసి పంపేస్తారు. ట్యాంకు ప్లేటు మీద గరిష్ఠ పని ప్రెషర్, తయారైన సంవత్సరం, సీరియల్ నంబరు, ఏ కోడ్ (తయారీ నియమాల పుస్తకం) ప్రకారం కట్టారో ఉండాలి, మంచి ప్లేట్ల మీద షెల్ (గొట్టం భాగం) మందం, డిష్ ఎండ్ (రెండు కొసలా గిన్నెలా ఉండే మూత) మందం కూడా ఉంటాయి. అమెరికాలో 1905లో బ్రాక్టన్ అనే ఊళ్లో చెప్పుల ఫ్యాక్టరీ బాయిలర్ పేలి 58 మంది చనిపోయాక, ఇలాంటి ప్రమాదాల ఒత్తిడితోనే ఏఎస్ఎంఇ (అక్కడి మెకానికల్ ఇంజనీర్ల సంఘం) వాళ్ల బాయిలర్ కోడ్ పుట్టింది. ఇప్పుడు ఆ కోడ్ ఎనిమిదో సెక్షన్ ప్రకారం గాలి ట్యాంకుల ఉక్కు రేకు తుప్పు కోసం వదిలే అదనం కాకుండా 2.5 మిల్లీమీటర్లకి తగ్గకూడదు. యూరప్‌లో సింపుల్ ప్రెషర్ వెసల్స్ నియమాల్లో ఉక్కు ట్యాంకుకి కనీసం 2 మిల్లీమీటర్లు. మనం కొలిచే అంకెని పోల్చుకోవడానికి ఈ రెండూ గుర్తుంటే చాలు. ప్రెషర్ మాత్రం ఏ యూనిట్లలో ఉందో చూసుకోండి, 1 మెగాపాస్కల్ అంటే 10 బార్లు, 8 అని ఉంటే అది బార్లా, కేజీలా అని బుర్ర గోక్కోనక్కర్లేదు, రెండూ దగ్గర దగ్గరే.

ప్లేటు లేకపోతే? నేను వెనక్కి వచ్చేస్తాను. ప్లేటు ఊరికే ఊడిపోదు, దాన్ని రివెట్లతోనో వెల్డింగుతోనో బిగిస్తారు. అది లేదంటే ఎవరో పీకేశారు, లేదా అసలు అది గాలి ట్యాంకుగా పుట్టనే లేదు. పాత గ్యాస్ సిలిండర్‌కి సాకెట్లు వెల్డింగ్ చేసి కంప్రెసర్ ట్యాంకు చేసినవి చాలాచోట్ల తిరుగుతుంటాయి. ఆ వెల్డింగ్ చేసినతను ఎంత పనిమంతుడో, ఆ సిలిండర్ ఎందుకు పక్కన పడేశారో మనకెవరూ చెప్పరు.

తర్వాత డ్రెయిన్. నా దృష్టిలో మొత్తం తనిఖీలో సగం ఇక్కడే తేలిపోతుంది. ప్లగ్గు పీకి, కరెంటు తీసేసి, లోపల గాలి లేదని గట్టిగా తేల్చుకోండి. గేజ్ సున్నా చూపిస్తే చాలదు, ముల్లు సున్నా దగ్గర ఇరుక్కుపోయిన గేజ్‌లు నేను రెండు చూశాను, అవుట్‌లెట్ వాల్వ్ పూర్తిగా తెరిచి చప్పుడు ఆగేదాకా ఆగాలి. ఇప్పుడు కింద తెల్లటి ప్లాస్టిక్ గిన్నె పెట్టి డ్రెయిన్ విప్పండి. తెలుపే ఎందుకంటే రంగు కనపడాలి. కొంచెం పసుపు తిరిగిన నీళ్లు వస్తే అది మామూలే, ఉక్కు ట్యాంకులో ఆ మాత్రం ఉంటుంది. పాలలాగా తెల్లగా, జిడ్డుగా వస్తే పంపు నుంచి నూనె కలుస్తోందని, రింగులు అరిగి ఉండొచ్చు, ట్యాంకుకి మాత్రం ఆ నూనె పొర కొంత మేలే చేసి ఉంటుంది. ఇటుక పొడి కలిపినట్టు చిక్కగా వచ్చి, గిన్నె అడుగున రేకుల్లాంటి పెచ్చులు కనిపిస్తే, ఆ పెచ్చుల్ని వేళ్ల మధ్య నలిపి చూడండి. పొడైపోతే పైపై తుప్పు. నలగకుండా పలచని పొరలా నిలిస్తే అది ట్యాంకు గోడ నుంచి ఊడిన ముక్క, ఒకప్పుడు అదంతా రేకే.

అసలు ఏమీ రాకపోతే సంతోషించకండి. మామూలుగా రెండు కారణాలు. ఒకటి, మీరొస్తున్నారని పొద్దున్నే వదిలేశారు. రెండు, డ్రెయిన్ తుప్పుతో పూడుకుపోయింది. రెండోది అయితే ఏళ్ల తరబడి దాన్నెవరూ తిప్పలేదని అర్థం. ఒక సన్నని తీగ లోపలికి పెట్టి కదపండి, తీగ తడిగా, ఎర్రగా బయటికొస్తే సంగతి తెలిసిపోతుంది. ఒక్కోసారి డ్రెయిన్ సాకెట్ లోపలివైపు అర అంగుళం పైకి పొడుచుకుని ఉంటుంది, అలాంటి ట్యాంకులో ఎంత శ్రద్ధగా నీళ్లు వదిలినా ఆ అర అంగుళం నీళ్లు ఎప్పటికీ కదలవు. ట్యాంకు ఒక పక్కకి వాలి ఉన్న చోట ఏళ్లపాటు పనిచేసినా అంతే, నీళ్లు డ్రెయిన్‌కి అవతలి మూలన చేరతాయి. అందుకే దాన్ని నిలబెట్టిన చోటికే వెళ్లి చూడటం మంచిది, అడుగు ఏ వైపు వాలి ఉందో నేలే చెప్తుంది.

బయటి నుంచి చూసేటప్పుడు కొత్త పెయింటు కనిపిస్తే ఇంకొంచెం వంగి చూడండి. పైన పటారం, లోన లొటారం అన్న సామెత ఈ మెషీన్ల కోసమే పుట్టిందేమో అనిపిస్తుంది నాకు. అమ్మేముందు రంగు వేయడం తప్పేమీ కాదు. అడుగున మాత్రమే, అందునా డ్రెయిన్ చుట్టూ మాత్రమే కొత్త రంగు ఉంటే అదే తేడా. జేబులో ఒక చిన్న అయస్కాంతం వేసుకెళ్లండి. గట్టిది వద్దు, ఫ్రిజ్ మీద కాగితాన్ని ఆపేంత బలహీనమైనదే కావాలి. దాన్ని ట్యాంకు పైభాగంలో అంటించి లాగి చూస్తే ఎంత పట్టు ఉందో చేతికి తెలుస్తుంది, తర్వాత అడుగంతా అలా జరుపుకుంటూ రండి. ఎక్కడైనా పట్టు సడలి జారిపోతే ఆ రంగు కింద పుట్టీయో, ఎపాక్సీయో ఉంది. నేను చూసిన ఒకదానిలో అలా జారిన చోట గోటితో గీకితే బూడిదరంగు ఎంసీల్ లాంటి ముద్ద బయటపడింది, అమ్మే ఆయన "అది సొట్టకి పెట్టింది బాబూ" అన్నాడు. అడుగున సొట్ట ఎలా పడిందో నేనూ అడగలేదు, ఆయనా చెప్పలేదు.

చిల్లులో రబ్బరు వాషర్ పెట్టి స్క్రూ బిగించినవి, ఇత్తడి కరిగించి పూసినవి, పైన రేకు ముక్క పెట్టి చుట్టూ వెల్డింగ్ కొట్టినవి, ఇవన్నీ ఒకే కోవ. "ఆ చిల్లు మూసేశాం కదా" అంటారు. ఒకచోట చిల్లు పడిందంటే అదే నీళ్లలో, అన్నేళ్లూ నానిన పక్క రేకు సంగతేంటి? పైగా ప్రెషర్ ట్యాంకుకి వెల్డింగ్ అంటే గేటుకి చేసినట్టు కాదు, పలచబడ్డ రేకు మీద వెల్డింగ్ వేడి తగిలితే అతుకు పక్కన కొత్తగా పగులు మొదలవ్వడానికి దారి పడుతుంది. దానికి అర్హత ఉన్న వెల్డర్, పద్ధతి, తర్వాత టెస్టింగ్ కావాలి, అంత ఖర్చు పెట్టేకన్నా కొత్త ట్యాంకు నయం.

కాళ్లు, చక్రాల బ్రాకెట్లు, పంపూ మోటారూ కూర్చునే ప్లేటు, ఇవి ట్యాంకుకి వెల్డింగ్ అయ్యే చోట్లు కూడా చూడాలి, ఇక్కడ సమస్య తుప్పు కాదు, అదురు. పంపు నిమిషానికి వందలసార్లు కొట్టుకుంటూ ఉంటే ఆ అదురంతా ఆ వెల్డింగ్ అంచుల మీద పడుతుంది. వెల్డింగ్ ముగిసి రేకు మొదలయ్యే గీత దగ్గర వెంట్రుకంత పగులు పుట్టి మెల్లగా పాకుతుంది. నాలుగు కాళ్లలో ఒకటి నేలకి సరిగ్గా ఆనకపోతే ఇది ఇంకా తొందరగా వస్తుంది. పగులు కంటికి కనపడకపోయినా దాని నుంచి ఎర్రటి చార ఒకటి కిందికి కారుతుంది, రంగు మీద కన్నీటి చారలాగా. అది కనిపిస్తే చాలు.

సొట్టల గురించి ఒక్క మాట. గుండ్రంగా, లోతు లేకుండా, అతుకులకి దూరంగా ఉన్నదానికి పెద్దగా భయపడను, పదునైన అంచుతో గీసుకుపోయినది, అతుకు మీద పడింది అయితే వద్దు. రంగు మాడి, బుడగలు కట్టి ఉంటే అగ్నిప్రమాదంలో ఉన్నదేమో అడగండి, సమాధానం ఏమొచ్చినా కొనకండి.

ఇక లోపల. ఫోన్‌కి తగిలించుకునే ఎండోస్కోప్ కెమెరా ఇప్పుడు తేలిగ్గా దొరుకుతుంది, సన్నని వైరు చివర చిన్న కెమెరా, దాని చుట్టూ లైట్లు. డ్రెయిన్ కంతలోంచో, పక్కనున్న ఏదైనా ప్లగ్గు విప్పి అక్కడి నుంచో దూర్చి చూడొచ్చు. మొదటిసారి చూసినవాళ్లు బెంబేలెత్తిపోతారు, ఎందుకంటే ఏ ఉక్కు ట్యాంకు లోపలైనా కొంత ఎరుపు ఉంటుంది. రంగుని చూడకండి, గరుకుని చూడండి. గోడంతా సమానంగా పలచగా ఎర్రబారి ఉంటే అది బతికే ట్యాంకు. అడుగున నీటిమట్టం గీత ఒకటి కనిపిస్తుంది, దాని కింద ఉబ్బెత్తుగా పొక్కులు పొక్కులుగా, చీమల పుట్టల్లాగా తుప్పు పేరుకుని ఉంటే ప్రతి పుట్ట కిందా ఒక గుంట ఉంటుంది. లైటుని నేరుగా కాకుండా పక్క నుంచి పడేలా కెమెరాని వంచితే ఆ గుంటల నీడలు పడి లోతు తెలుస్తుంది. పొడవు అతుకు, డిష్ ఎండ్ అతుకులు కూడా అలాగే చూడాలి. అడ్డంగా పడుకున్న ట్యాంకులో పొడవు అతుకు అడుగున, నీళ్లలో ఉండేలా కట్టిందైతే నేను ఇంకో రెండు మార్కులు తగ్గిస్తాను. నిలువు ట్యాంకులో అడుగు డిష్, దాని అతుకు చుట్టూ ఉన్న మొదటి రెండు అంగుళాలు చూస్తే చాలావరకు పని అయిపోతుంది.

కెమెరా చెప్పలేనిది ఎంత మందం మిగిలిందన్నది. దానికి అల్ట్రాసోనిక్ థిక్‌నెస్ గేజ్ కావాలి. రేకు మీద జెల్ రాసి ప్రోబ్ ఆనిస్తే శబ్దం లోపలి గోడ దాకా వెళ్లి తిరిగొచ్చే టైముని బట్టి మందం చూపిస్తుంది. ఉక్కులో శబ్దం వేగం సెకనుకి 5,900 మీటర్ల దగ్గర. ఇక్కడే రెండు మోసాలు ఉన్నాయి, మనిషివి కాదు, పరికరానివే. పెయింటులో శబ్దం ఉక్కులో కన్నా సగం వేగంతో కూడా పోదు, గేజ్‌కి ఆ సంగతి తెలీదు కాబట్టి అర మిల్లీమీటరు రంగూ పుట్టీ పొర మిల్లీమీటరు పైగా ఉక్కులా లెక్కలో కలిసిపోతుంది. మనకి కావాల్సిన చోట అడుగున, మందంగా రంగు కొట్టి ఉన్నచోటే ఈ తప్పు ఎక్కువ వస్తుంది. ఎకో టు ఎకో అనే మోడ్ ఉన్న గేజ్ అయితే రంగుని వదిలేసి కొలుస్తుంది, లేకపోతే ఓనరు ఒప్పుకుంటే రూపం చెడకుండా రెండు మూడు చోట్ల రంగు గీకి కొలవాలి. రెండోది, సూది గుంటల మీద శబ్దం చెదిరిపోయి గేజ్ దాన్ని పట్టించుకోకుండా పక్కనున్న మంచి రేకు మందాన్నే చూపించొచ్చు. అందుకే ఒకటి రెండు చోట్ల కొలిచి "3.1 ఉంది, సూపర్" అనుకోవడం ఉత్తదే. ట్యాంకు పైభాగంలో, నీళ్లు తగలని చోట ముందు నాలుగు కొలతలు తీసుకోండి, అది పుట్టినప్పటి మందానికి దగ్గరగా ఉంటుంది. తర్వాత అడుగున అంగుళానికొకటి చొప్పున చుక్కలు పెట్టుకుని కొలుచుకుంటూ పోండి. పైన 3.0 ఉండి కింద 2.8, 2.9, 2.8 అని వస్తే నాకు సంతోషం. 2.9, 2.2, 2.7, 1.6 అని ఎగుడుదిగుడుగా వస్తే సగటు చూడకండి, ఆ 1.6 ఒక్కటే చూడండి.

సుత్తితో కొట్టి చప్పుడు వినే పాతకాలం పద్ధతి ఒకటుంది. ఖంగుమంటే మంచిది, మొద్దుగా మోగితే పలచబడింది అంటారు. చెవి తిరిగిన పెద్దవాళ్లు కొందరు నిజంగానే పట్టేస్తారు, నాకు మాత్రం ఎప్పుడూ తేడా తెలీలేదు, లోపల నీళ్లున్నా చప్పుడు మారిపోతుంది. కొడితే ఖాళీ ట్యాంకునే కొట్టండి. గాలి నిండి ఉన్నదాన్ని సుత్తితో కాదు, చేత్తో కూడా కొట్టకండి.

సేఫ్టీ వాల్వ్ దగ్గరికొస్తే, రింగు లాగగానే స్వేచ్ఛగా కదలాలి, తర్వాత గాలి నింపినప్పుడు లాగితే గాలి వదిలి, వదలగానే గట్టిగా మూసుకోవాలి. దాని మీద రాసిన ప్రెషర్ ట్యాంకు ప్లేటు మీద రాసినదాన్ని దాటకూడదు, పంపు ఎంత గాలి కొడుతుందో అంతా వదలగలిగే సైజుది అయ్యుండాలి. ఆ కంతలో వాల్వ్ బదులు బోల్టు బిగించి ఉంటే అక్కడికి ఆపేయండి. ఎందుకంటే ఆ పని చేసినవాడికి వాల్వ్ మాటిమాటికీ తెరుచుకోవడం చిరాకు తెప్పించి ఉంటుంది, వాల్వ్ మాటిమాటికీ తెరుచుకుందంటే ప్రెషర్ స్విచ్ ఆపాల్సిన చోట ఆపట్లేదని, అంటే ఆ ట్యాంకు ఎన్నిసార్లు ఎంత దాకా ఎక్కిందో దేవుడికే తెలియాలి. వాల్వ్ మంచిగానే ఉన్నా కొన్నాక నేను మొదట మార్చేది అదే, గేజ్ కూడా. పాతవాటి మీద మమకారం పనికిరాదు.

ఇవన్నీ అయ్యాకే స్విచ్. ఆ టైములో ట్యాంకు మీదికి వంగి నిలబడకండి, కాస్త దూరంగా, అడ్డం ఏదైనా ఉంటే దాని వెనక ఉండండి. రెండు మూడు బార్ల దగ్గర ఆపించి అతుకులన్నిటికీ సబ్బు నీళ్లు రాయండి, బుడగ వస్తే అక్కడితో సరి. పూర్తిగా నిండి స్విచ్ తనంతట తాను ఆగాక లీకు పరీక్ష. ఇక్కడ చాలామంది తప్పులో కాలేస్తారు. పంపు నుంచి వచ్చిన గాలి వేడిగా ఉంటుంది, చల్లారితే ప్రెషర్ తగ్గుతుంది, అది లీకు కాదు. 30 డిగ్రీల రోజున ట్యాంకులో గాలి 50 డిగ్రీలుంటే, చల్లారేసరికి 10 చూపించిన ముల్లు 9.3 దాకా దిగొచ్చు. అందుకని అరగంట ఆగి, అప్పుడున్న అంకె రాసుకుని, ఇంకో అరగంటకి మళ్లీ చూడండి. మోటారు ఆగాక ప్రెషర్ స్విచ్ దగ్గరున్న చిన్న వాల్వ్ 'తుస్సు'మని ఒకసారి వదిలి ఊరుకోవాలి. ఆగకుండా వదులుతూనే ఉంటే చెక్ వాల్వ్ (ట్యాంకు గాలి వెనక్కి రాకుండా ఆపేది) పట్టట్లేదని, అది చిన్న ఖర్చుతో పోయేదే, బేరానికి పనికొస్తుంది.

"హైడ్రో టెస్ట్ చేయించాను" అని ఎవరైనా కాగితం చూపిస్తే తారీఖు చూడండి. ట్యాంకులో బుడగ కూడా లేకుండా నీళ్లు నింపి, పని ప్రెషర్‌కి 1.3 రెట్లో, పాత కోడ్ ప్రకారం కట్టినదైతే 1.5 రెట్లో ఎక్కిస్తారు. నీళ్లే ఎందుకంటే నీరు దాదాపు నలగదు, అందులో దాగే శక్తి గాలితో పోలిస్తే వేల రెట్లు తక్కువ, రేకు చీలినా నీళ్లు చిమ్మి ఊరుకుంటుంది. ఇదే పరీక్ష గాలితో చేసి చూద్దాం అనే మహానుభావులు ఉన్నారు, వాళ్ల పక్కన నిలబడకండి. హైడ్రో టెస్ట్ మంచిదే, కానీ అది కూడా ఆ రోజుకి ఆ ట్యాంకు తట్టుకుందని చెప్తుంది, ఎంత మందం మిగిలిందో చెప్పదు. టెస్ట్ తర్వాత నీళ్లు ఆరబెట్టకుండా ఏడాది పక్కన పెట్టేసి ఉంటే, ఆ కాగితం వల్ల నష్టమే ఎక్కువ జరిగి ఉంటుంది. మందం కొలతలు, కెమెరా, హైడ్రో మూడూ కలిస్తేనే ఒక బొమ్మ కడుతుంది.

చివరికొచ్చేసరికి అమ్మేవాళ్లు వాడే అస్త్రం, "10 కాకపోతే 6 బార్లకి పెట్టుకుని వాడుకోండి". ప్రెషర్ తగ్గితే రేకు మీద ఒత్తిడి అదే నిష్పత్తిలో తగ్గుతుంది, అంతవరకు నిజం. రేకు అంతా సమానంగా పలచబడి, దాని మందం మనకి తెలిసుంటే ఆ లెక్క కుదురుతుంది కూడా. తుప్పు అలా తినదు. అక్కడ 2.8, పక్కనే 0.7 చేసి పెడుతుంది, అదీగాక నీళ్లు చేరడం ఆగదు కాబట్టి ఇవాళ 6కి సరిపోయింది వచ్చే ఏడాది 4కి సరిపోకపోవచ్చు.

అలాగని ట్యాంకు పోయిందంటే మెషీన్ మొత్తం వదులుకోనక్కర్లేదు. పంపూ మోటారూ బాగుంటే ట్యాంకుకి విలువ కట్టకుండా ఆ రెండింటికే బేరమాడండి, ప్లేటు ఉన్న కొత్త ట్యాంకు మీద కూర్చోబెట్టుకోవచ్చు. నా మొదటి కంప్రెసర్ పంపు ఇప్పటికీ అలాగే నడుస్తోంది. పాత ట్యాంకుని పాత సామాన్లవాడికి ఇచ్చేముందు మాత్రం డ్రిల్లు పెట్టి అడుగున, పైన, రెండు డిష్‌లకీ వేలు దూరేంత చిల్లులు వేశాను. డ్రిల్లు పైన మూడు నిమిషాలు పట్టింది, అడుగున నొక్కకముందే దిగిపోయింది. అతను చూసి "అయ్యో, ఎవరైనా వాడుకునేవాళ్లు కదండీ" అన్నాడు.